తగిలిందని చెప్పిన చెయ్యి

గౌరీశ్వరి తన చొక్కా గుండీ కుడిచేత్తో పెట్టుకోలేకపోయిన ఉదయమే, ప్రయోగం విజయవంతమైందని నేను ఫైల్లో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పుడు చదివితే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. కానీ ఆ రోజు సంతోషించాను, అబద్ధం చెప్పి ఏం లాభం?

విశాఖపట్నంలో బీచ్ రోడ్డుకు రెండు వీధుల లోపల మా ప్రయోగశాల ఉంది. నా పేరు కస్తూరి. పక్షవాతం వచ్చినవాళ్ల చేతులకు మళ్లీ కదలికలు నేర్పడమెలా అన్నదాని మీద ఇరవై ఏళ్లు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి చేతికొచ్చింది ఒక యంత్రం. ఒక మనిషి చెయ్యి ఏళ్ల తరబడి నేర్చుకున్న కదలికలన్నిటినీ నాడుల్లోంచి పెకలించి, ఇంకొకరి చేతికి అందిస్తుంది. కాగితాల మీద దానికి మూరెడు పేరుంది. మేం మాత్రం దాన్ని ‘నాట్లు’ అనేవాళ్లం.

అలా అనడానికి కారణముంది. ఇది కాపీ తీసే పని కాదు. నారుమడిలోంచి పీకి పొలంలో నాటితే మడిలో ఏమీ మిగలదు కదా, ఇదీ అంతే. ఇచ్చినవాళ్ల చెయ్యి పసిపిల్ల చెయ్యి అయిపోతుంది. పట్టుకోవడం వస్తుంది, పని రాదు. పుచ్చుకున్నవాళ్ల చేతిలో అంతకు ముందున్నదంతా చెరిగిపోతుంది. దాన్ని దాచిపెట్టే చోటు మా దగ్గర లేదు. మళ్లీ పీకి మొదటి మడిలో పెట్టవచ్చు గానీ, వేరు లోతుగా దిగకముందే ఆ పని జరగాలి. మా లెక్క ప్రకారం దానికి తొంభై రోజులు గడువు.

గౌరీశ్వరి ఇచ్చింది తన కుడిచెయ్యి, భుజం నుంచి వేళ్ల కొసల దాకా. పుచ్చుకున్నవాడు ఆమె తమ్ముడు పైడిరాజు. వాడు పక్క మంచం మీద లేచి కూర్చుని, నేనిచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, దాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూశాడు.

“అక్కా, ఇది నీ దస్తూరీయే.”

నిజమే. పేరు వాడిది, అక్షరాలు ఆమెవి. గౌరి పకపకా నవ్వింది. అప్పటికి ఆమె గుండీతో కుస్తీ పడుతూనే ఉంది.

“నా చెయ్యి జాగర్తరా. పారేసేవంటే నాన్న చంపేస్తాడు.”

వాళ్ల నాన్న అప్పలస్వామి మాస్టారు విజయనగరంలో కర్రసాము నేర్పేవాడు. నలభై ఏళ్ల వయసులో ఎక్కడో ఫెన్సింగ్ పోటీ చూసి, ఇదేదో మన విద్యకు దగ్గరగానే ఉందే అనుకుని, మూతపడిన జనపమిల్లు గోడౌన్‌లో పిల్లలకు కత్తి పట్టడం నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన నేర్పింది ‘ఎపీ’ అనే రకం. అందులో కత్తి మొన ప్రత్యర్థి ఒంటి మీద ఎక్కడ తగిలినా పాయింటే. మొన నొక్కుకుంటే వైరు గుండా సంకేతం వెళ్లి లైటు వెలుగుతుంది. కానీ మాస్టారి దగ్గర మొదటి తొమ్మిదేళ్లూ ఆ లైట్ల యంత్రం లేదు. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. తగిలించినవాడు నోరెత్తకూడదు. తగిలినవాడే ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి పైకెత్తి, “తగిలింది” అని చెప్పాలి. అలా చెప్పనివాడికి ఆ రోజు కత్తి లేదు.

గౌరి ఆ తొమ్మిదేళ్లలో తయారైన మనిషి. పైడిరాజు వచ్చేసరికి యంత్రం వచ్చేసింది. వాడు ఆ పద్ధతిని ఆటపట్టించేవాడట, “లైటుండగా మళ్లీ నోరెందుకు నాన్నా?” అని.

గౌరి చెయ్యి దేశంలోనే మొదటి రకం. అయితే మోకాలు రెండుసార్లు దెబ్బతింది. ఇక పోటీలు వద్దని డాక్టర్లు తేల్చేశారు. పైడిరాజు కాళ్లు లేడి కాళ్లు, చెయ్యి మాత్రం అంతంతమాత్రం. నా దగ్గరికి వచ్చి అడిగింది గౌరే. మాస్టారికి వేళ్లు వణుకుతున్నాయి, రేపు హాలు నడపాల్సింది ఆమే. ఫెన్సింగ్ గురువు పాఠం చెప్పేది నోటితో కాదు, కత్తితో. కాబట్టి మోకాలు లేకపోయినా సర్దుకోవచ్చు, చెయ్యి లేకపోతే హాలు లేదు. ఆ సంగతి తెలిసే ఇచ్చింది. తొంభై రోజులే కదా అనుకుంది.

మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. “సెయ్యి తీసి తమ్ముడికిస్తావా? ఇదేటి కూరగిన్నెటే, పక్కింటికిచ్చి మళ్లీ తెచ్చుకోడానికి?” అన్నాడు నా ఎదుటే. ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు పట్టను.

కొలతలు తీసుకోవడానికి నేను వారానికోసారి విజయనగరం వెళ్లేదాన్ని. పైడిరాజు కత్తి చూస్తే ముచ్చటేసేది. వాడి లేడి కాళ్ల మీద ఆమె చెయ్యి ఎక్కి కూర్చుంది. హాల్లో వాణ్ణి తాకగలిగినవాడు లేడు. గౌరి పక్కన స్టూలు మీద కూర్చుని, ఎడమచేత్తో చెంచా పట్టుకుని ఉప్మా తింటూ వాడికి తప్పులు చెప్పేది. సగం ఉప్మా ఒళ్లో పడేది. అదేం పట్టించుకునేది కాదు, లేదా పట్టించుకోనట్టుండేది.

ఒక రోజు ఆమె కత్తి మొన బాగుచేస్తూ కనిపించింది. హాల్లో కత్తుల రిపేరు ఎప్పుడూ ఆమె పనే. మొనలో ఆవగింజంత మరలు రెండుంటాయి. వాటిని బిగించాలి. ఒక మర ఆమె వేళ్లలోంచి ఏడుసార్లు జారింది. ప్రతిసారీ మోకాలు నొప్పితో వంగి వెతుక్కుంది. పైడిరాజు వచ్చి ఆమె చేతిలోంచి తీసుకుని, నాతో ఏదో మాట్లాడుతూ, చూడకుండానే రెండు మరలూ బిగించేశాడు. బిగించాక తనేం చేశాడో వాడికి అర్థమైంది. ముఖం కందగడ్డలా అయిపోయింది. గౌరి ఆ చేతినే చూస్తోంది. తప్పిపోయిన మనిషి బస్సులో వెళ్తూ కనిపిస్తే చూసే చూపు అది. ఆ రోజు కొలతలు తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాను.

హిందూ మహాసముద్ర దేశాల క్రీడలు ఆ ఏడు మొంబాసాలో జరిగాయి. మా ‘నాట్లు’ నిషిద్ధాల జాబితాలో లేవు. అది మా నిజాయితీ కాదు, జాబితా రాసేవాళ్ల ఆలస్యం. కత్తుల తనిఖీలో మొన మీద ముప్పావు కిలో బరువు పెట్టి చూశారు, మాస్కు నొక్కి చూశారు, రక్తం తీశారు. చెయ్యి ఎవరిదని ఎవరూ అడగలేదు.

పురుషుల వ్యక్తిగత ఎపీ పోటీలు రెండు రోజులు. మొదటి రోజు పైడిరాజు తొమ్మిది బౌట్లు, అంటే ఇద్దరిద్దరి పోరాటాలు, ఆడి గ్రూపు దశలో ఒక్కటి ఓడాడు. ప్రతి బౌటు తర్వాతా వాడి తలకు టోపీలాంటి పరికరం తగిలించి వేరు ఎంత దిగిందో చూసేదాన్ని. రెండు నెలల సాధన తర్వాత కూడా వందకు నలభై దగ్గరే ఉన్న లెక్క, ఆ ఒక్కరోజే డెబ్బై ఒకటికి ఎక్కింది. నేను పరికరం పాడైందనుకున్నాను. మార్చి చూశాను, అదే లెక్క. అప్పుడు బౌట్ల వారీగా గీత గీసి చూస్తే విషయం బయటపడింది. ఓడిన బౌటు తర్వాత గీత కదల్లేదు. గెలిచిన ప్రతిసారీ ఎగిరింది. పాయింట్లు దగ్గరదగ్గరగా ఉన్న గెలుపైతే ఇంకా పైకి ఎగిరింది.

గెలుపు సంతోషమే దానికి ఎరువు. ప్రయోగశాలలో ఎవరూ దేన్నీ గెలవలేదు కాబట్టి మాకు తెలియలేదు. ఇరవై ఏళ్ల చదువుకు తట్టని సంగతి ఏ ఆటగాణ్ణి అడిగినా చెప్పేవాడేమో.

ఎనభై ఐదు దాటితే ఇక చెయ్యి తిరిగి రాదు. మర్నాడు సెమీఫైనల్ గెలిస్తే ఎనభై దగ్గరికి వస్తుంది. ఫైనల్ కూడా గెలిస్తే హద్దు దాటుతుంది. యంత్రం ఉన్నది విశాఖపట్నంలో, మధ్యలో సముద్రముంది.

సాయంత్రం నాలుగింటికి క్రీడాగ్రామం భోజనశాలలో ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. పైడిరాజు ముందున్న పళ్లెం పక్కకు నెట్టేశాడు.

“అయితే నేను రేపు ఆడను. కాలు బెణికిందని చెప్పేస్తాను.”

“ఏట్రా, ఏటి మాటలవి?” అంది గౌరి.

“నీ చెయ్యి పోద్దక్కా. ఇంక రాదంట.”

“ఇన్నాను. నాకూ చెవులున్నాయి.” ఆమె నా వైపు తిరిగింది. “మేడమ్, రాకపోతే ఏటవుద్ది? గట్టిగా చెప్పండి.”

“రాయడం, తినడం మళ్లీ నేర్చుకోవచ్చు, రెండేళ్లలో. కత్తి మాత్రం రాదు. ఆ వయసు దాటిపోయింది. గౌరీ, నా మాట విను, రేపు విరమించుకుంటే...”

“మీరు లెక్కలు చెప్పండి, చాలు. కాగితం మీద సంతకం పెట్టింది నేను.”

నేను నోరు మూసుకున్నాను. ఆమె గదిమినందుకు మాత్రమే కాదు. మనసులో ఒక మూల ఆ బంగారు పతకం మీద నాకూ ఆశ ఉంది. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

గౌరి తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టింది. “లైట్లు కొనడానికి తొమ్మిదేళ్లు పట్టిన హాలురా మనది. అక్కణ్ణించి ఒకడు సెమీఫైనల్ దాకా వస్తే, చెయ్యి గురించి ఏడుస్తామా? ఒరే, కావాలని ఓడిపోయేవంటే జన్మలో నీతో మాటాడను. నాన్న మీద ఒట్టెయ్. ఎక్కడా చెయ్యి ఆపనని ఒట్టెయ్.”

వాడు ఆమె చేతి మీద చెయ్యేశాడు. “ఆపను,” అన్నాడు.

సెమీఫైనల్ పదిహేను పదకొండుతో గెలిచాడు. లెక్క డెబ్బై తొమ్మిదికి వచ్చింది.

ఫైనల్లో ఎదుటివాడు మడగాస్కర్ కుర్రాడు అంద్రీ. పొడగరి, తొందరపడని మనిషి. ముందు పదిహేను పాయింట్లు చేసినవాడిదే గెలుపు. నేనూ గౌరీ మూడో వరసలో కూర్చున్నాం. పైడిరాజు ఒట్టు నిలబెట్టుకుంటున్నాడా లేదా అని ఆమె కళ్లార్పకుండా చూస్తోంది. నిలబెట్టుకుంటున్నాడు. తొమ్మిది ఆరు, పదకొండు పది, పన్నెండు పన్నెండు. ఒక్కచోటైనా చెయ్యి వెనక్కి పట్టలేదు. నేను దేవుణ్ణి నమ్మను గానీ ఆ పది నిమిషాలూ ఎవర్నో ఏదో వేడుకుంటూనే ఉన్నాను. ఏం వేడుకున్నానో అడిగితే మాత్రం చెప్పలేను. గెలవాలనీ అనుకున్నాను, ఓడాలనీ అనుకున్నాను.

పద్నాలుగు పద్నాలుగు.

ఇద్దరూ ఒకేసారి దూకారు. కత్తులు టకటకమన్నాయి. పైడిరాజు వైపు పచ్చలైటు వెలిగింది. అంద్రీ ఎర్రలైటు వెలగలేదు. బోర్డు మీద పదిహేను పడింది. మనవాళ్లంతా కుర్చీల మీదికెక్కి అరుస్తున్నారు. గౌరి లేచి నిలబడి ఎడమచేతి పిడికిలి గాల్లోకి గుద్దింది. చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి. తన చెయ్యి పోయిందని ఆ క్షణంలో ఆమెకు తెలుసు, అయినా ఆ మనిషి ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

కింద పైడిరాజు మాస్కు తియ్యలేదు. కదలకుండా నిలబడి ఎడమచెయ్యి నిటారుగా పైకెత్తాడు.

“తగిలింది,” అన్నాడు.

రిఫరీకి తెలుగు ఏం తెలుస్తుంది? దగ్గరికొచ్చాడు. పైడిరాజు తన మణికట్టు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో, ఇక్కడ తగిలింది, అతని కత్తి చూడండి అన్నాడు. అంద్రీకే తెలియదు తను తగిలించినట్టు, తెల్లమొహం వేసుకుని చూస్తున్నాడు. రిఫరీ అతని కత్తి తీసుకుని మొన మీద బరువు పెట్టాడు. లైటు వెలగలేదు. మొన ఇరుక్కుపోయింది. ఒకరి కత్తి పనిచెయ్యలేదని తేలితే అప్పుడు అతని మీద పడిన పాయింటు చెల్లదు. అదీ నిబంధన. బోర్డు మీద పదిహేను చెరిగి పద్నాలుగు అయింది.

అంద్రీ కత్తి మార్చుకుని వచ్చి, ముందు పైడిరాజుకు తల వంచి వందనం చేశాడు. తర్వాతి పాయింటుకు పదకొండు సెకన్లు పట్టింది. అంద్రీ మొన పైడిరాజు బూటు కొస మీద పడింది. ఆ పదకొండు సెకన్ల వీడియో నేను తర్వాత ముప్పై సార్లు చూశాను. ఎక్కడా చెయ్యి ఆలస్యం కాలేదు. అంద్రీ బాగా ఆడాడు, గెలిచాడు, అంతే.

గౌరి కూలబడింది. “నా అలవాటే మేడమ్,” అంది. “నా చెయ్యితో పాటు నా అలవాటు కూడా వాడికి అంటుకుపోనాది. నేనే వాణ్ణి ముంచేసేను.”

పైడిరాజు కూడా కాదనలేదు. వెండి పతకం జేబులో పెట్టుకుని వచ్చి, “ఏమోనే, దానంతటదే లేచింది. నాకేటి తెలుసు?” అన్నాడు. దస్తూరీ వచ్చినప్పుడు ఇది రాకూడదా? అందరికీ సబబుగానే తోచింది. మా సంగతి తెలిసిన మన ఫెన్సింగ్ ఫెడరేషన్ పెద్దమనిషి ఒకాయన నన్ను పక్కకు పిలిచి, సరుకుతో పాటు చెత్త కూడా తెచ్చారు కదమ్మా అని దులిపేశాడు. నేను తలవంచుకుని విన్నాను. హోటల్ గదిలో కూర్చుని నివేదిక మొదలుపెట్టి, ఆ చెయ్యెత్తడం గురించే మూడు పేజీలు రాశాను. అసంకల్పిత ప్రతిస్పందనలు, తరలివచ్చిన అలవాట్లు, ముందే వడగట్టకపోవడం మా లోపం అని. చదివితే నాకే ముచ్చటేసింది.

ఓటమి తర్వాత లెక్క డెబ్బై తొమ్మిది దగ్గరే నిలిచింది. నాలుగో రోజున విశాఖపట్నంలో నారు తిరిగి పాత మడికి చేరింది. గౌరి కళ్లు తెరిచి, లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా చొక్కా గుండీలు పైనుంచి కిందికి పెట్టుకుంది, మళ్లీ విప్పింది, మళ్లీ పెట్టుకుంది. పక్క మంచం మీద పైడిరాజు మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి కింద పారేశాడు. వాడి పాత చెయ్యి లేదు, ఆమె చెయ్యీ లేదు. ఇరవై నాలుగేళ్ల మనిషి మళ్లీ అన్నం కలుపుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఇలా అవుతుందని మొదటి రోజు పెట్టిన సంతకం కాగితంలోనే ఉంది. వాడు చదివే పెట్టాడు.

నెల తర్వాత నివేదిక చూపించి వాళ్ల సంతకాలు తీసుకోవడానికి విజయనగరం వెళ్లాను. గౌరి కత్తి పట్టుకుని ఇద్దరు ఆడపిల్లలకు పాఠం చెప్తోంది. మాస్టారు కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు, నన్ను చూసి కుర్చీ చూపించాడు. నాతో రాజీపడ్డాడన్నమాట. పాఠం అయ్యాక గౌరి స్టూలు మీద కూర్చుని కాగితాలు తిరగేసింది. ఆ మూడు పేజీల దగ్గర ఆగింది. రెండుసార్లు చదివింది.

“మేడమ్, చాలా బాగా రాసేరు. గానీ ఒకటి అడుగుతాను. మీరు నాలోంచి తీసింది ఏ చెయ్యి?”

“కుడిచెయ్యి.”

“మరి మా హాల్లో తగిలిందని ఎత్తేది?”

కుడిచేతిలో కత్తి ఉంటుంది. ఎత్తేది ఎడమచెయ్యి. ఆ ఎడమచేతిని మేం తాకనైనా లేదు. ఇరవై ఏళ్ల అనుభవం, మూడు పేజీల పాండిత్యం, కుడేదో ఎడమేదో చూసుకోలేదు.

మాస్టారు కుర్చీలోంచే అన్నాడు, “నాను టీవీలో సూసినప్పుడే అనుకున్నాను. మీరంతా సదూకున్నోళ్లు గదా, నానేటి సెప్పాల అని ఊరుకున్నాను.”

పైడిరాజు గోడ పక్కన కత్తి మొనలో మర బిగించడం నేర్చుకుంటున్నాడు. అప్పుడే నాలుగోసారి జారవిడిచాడు. గౌరి కుంటుకుంటూ వాడి దగ్గరికి వెళ్లింది.

“ఒట్టు తప్పేవురా.”

“తప్పలేదు.” వాడు తలెత్తలేదు. “చెయ్యి ఆపలేదు. తగిలింది, చెప్పేను. నాన్న రూలే గదా.”

“లైటు వెలగలేదు కదరా.”

“వెలగలేదు. అయినా తగిలింది.”

“అది నా చెయ్యి కోసమా, రూలు కోసమా?”

వాడు మర వెతుక్కుంటున్నట్టు నేల మీద చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఇంకోసారి అడగలేదు. కింద కూర్చోవడానికి మోకాలు ఒప్పుకోదని తెలిసీ కూర్చుంది, మర వెతికి తీసింది, వాడి వేళ్ల మధ్య పెట్టి, తన కుడిచెయ్యి వాడి చేతి మీద వేసి మెల్లగా తిప్పించింది. ఏడుస్తూనే తిడుతోంది, “అలా కాదురా గాడిదా, ఇలా” అని. నాకు కూడా కళ్లు మసకలు కమ్మాయి. కాసేపు గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

తిరుగు రైల్లో ఆ మూడు పేజీలూ చింపేశాను. వాటి స్థానంలో ఒక్క వాక్యం రాశాను. నివేదికలో ఈ రోజుకీ అదే ఉంది.

పైడిరాజు ఎడమచేతికి మేం ఏమీ చెయ్యలేదు.